గట్టు చెరిపేశాక: ఒక ఇంజంక్షన్ ఉల్లంఘన కేసు

ఊరి పేరు, మనుషుల పేర్లు, సర్వే నంబరు, సంవత్సరాలు ఇక్కడ రాయడం లేదు. కొన్ని కొలతలు కూడా మార్చాను. కేసు నడిచిన తీరును, నేను తీసుకున్న నిర్ణయాలను మాత్రం జరిగినవి జరిగినట్టే రాస్తున్నాను. భూమి తగాదాలో కోర్టు ఉత్తర్వును ధిక్కరించారని మా ఆఫీసుకు వచ్చేవాళ్లు ముందుగా ఎదుటివాళ్ల దౌర్జన్యం గురించి చెబుతారు. కోర్టు మాత్రం ముందుగా మూడు ప్రశ్నలు వేసుకుంటుంది. ఆ రోజున ఉత్తర్వు అమల్లో ఉందా? అందులో ఏం రాసి ఉంది? ఆ సంగతి ఎదుటివాడికి తెలుసా? వీటిలో మొదటి రెండింటిని ఈ కేసులో నేను మొదట్లో సరిగా చూసుకోలేదు.

నేపథ్యం

నా కక్షిదారు యాభై దాటిన వితంతువు. కోస్తా జిల్లాలో ఒక కాలువ కింది ఊరు. మామగారు పోయాక అన్నదమ్ములిద్దరూ పెద్దమనుషుల సమక్షంలో పంపకాల జాబితా రాసుకున్నారు. దాన్ని రిజిస్టరు చేయించలేదు. ఆ జాబితా ప్రకారం ఈమె భర్త వాటాకు పడమటి వైపున ఎకరం అరవై సెంట్లు, మరిదికి తూర్పు వైపు భూమి వచ్చాయి. రెండింటి మధ్య గట్టు, గట్టు మీద వరసగా ఆరు తాటిచెట్లు. ముప్పై ఏళ్లు ఎవరూ ఆ గట్టు జోలికి పోలేదు. ఊరి పక్కన రోడ్డు వెడల్పయింది, సెంటు ధర మారింది. మరిది తన భూమిని ఒక రియల్ ఎస్టేట్ వ్యాపారికి బేరం పెట్టాడు. అడ్వాన్సు తీసుకున్నాక కొలతలు వేయిస్తే, జాబితాలో రాసుకున్న దానికంటే తనకు ముప్పై రెండు సెంట్లు తక్కువ వస్తోందన్నాడు. ఆ ముప్పై రెండు సెంట్లూ గట్టుకు పడమటి వైపు, అంటే వదినగారి పొలంలో ఉన్నాయన్నది ఆయన వాదన.

ఆమె పేరున పాసుపుస్తకం ఉంది, అడంగల్‌లో సాగుదారుగా ఆమె పేరే ఉంది. అందుకే హక్కు ప్రకటన కోరకుండా శాశ్వత ఇంజంక్షన్ (ఆ భూమిలో జోక్యం చేసుకోరాదనే కోర్టు నిషేధం) కోసం మాత్రమే దావా వేశాను. అనాతుల సుధాకర్ – బుచ్చిరెడ్డి కేసులో 2008లో సుప్రీంకోర్టు చెప్పిన సూత్రం మన కోర్టుల్లో రోజూ వినపడేదే: హక్కు మీద నిజమైన మబ్బు లేనప్పుడు, స్వాధీనం మన దగ్గర ఉన్నప్పుడు ఇంజంక్షన్ దావా ఒక్కటే చాలు. ఆ నిర్ణయం ఇప్పటికీ సరైనదే అనుకుంటున్నాను. తప్పు షెడ్యూలులో, అంటే దావా పత్రంలో భూమి హద్దులు రాసే భాగంలో జరిగింది. ప్లెయింటు షెడ్యూలులో తూర్పు హద్దుగా అందరూ రాసినట్టే నేనూ "ప్రతివాది భూమి" అని రాశాను. గట్టు నిలబడి ఉన్నంతకాలం ఆ రెండు మాటలు సరిపోతాయి. గట్టు లేచిపోయాక ప్రతివాది భూమి ఎక్కడ మొదలవుతుందో ఆ మాటలు చూసి ఎవరూ చెప్పలేరు.

ఏప్రిల్ మొదటి వారంలో జూనియర్ సివిల్ జడ్జి కోర్టు ఎదుటిపక్షం లేకుండానే మధ్యంతర ఇంజంక్షన్ ఇచ్చింది. ఏప్రిల్ చివర్లో ఒక తేదీ వరకు అని గడువు పెట్టింది. సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 39 రూల్ 3 ప్రకారం కాగితాలన్నీ రిజిస్టర్డ్ పోస్టులో పంపి, మరుసటి రోజే అఫిడవిట్ వేశాం. ఆమె ఆ ఉత్తర్వు కాపీని ప్లాస్టిక్ కవరులో పెట్టి, దేవుడి పటం వెనుక దాచుకుంది.

ఏం జరిగింది

వాయిదా రోజున జడ్జిగారు సెలవులో ఉన్నారు. కేసు జూన్‌కు, అంటే వేసవి సెలవుల తర్వాతికి పడింది. మే రెండో వారంలో ఒక రాత్రి జేసీబీ వచ్చింది. తెల్లారేసరికి గట్టు లేదు, తాటిచెట్లు లేవు.

ఆమె అల్లుడితో కలిసి నా దగ్గరికి వచ్చింది. కవరులోంచి ఉత్తర్వు తీసి బల్ల మీద పెట్టి అడిగింది: "లాయరు గారూ, ఈ కాగితం ఇంట్లో ఉండగానే గట్టు పోయింది. మరి ఇది దేనికండీ?" ఇరవై ఏళ్లకు పైబడిన ప్రాక్టీసులో నన్ను ఇంతగా కుదిపిన ప్రశ్న మరొకటి లేదు.

మొదట ప్రయత్నించినవి, విఫలమైనవి

పోలీసుల దగ్గరికి వెళ్లాం. సివిల్ తగాదా, కోర్టులో తేల్చుకోండి అన్నారు. కోర్టు ఉత్తర్వు ఉన్నా పోలీసు సాయానికి కోర్టు ఆదేశం విడిగా ఉండాలన్న మాట చాలాచోట్ల వింటాం. సెలవుల్లో ఆ ఆదేశం వెంటనే తేవడం కుదరలేదు.

తర్వాతి అడుగు నేను సమ్మతించిన తప్పు. బంధువులు హైకోర్టుకు వెళ్దామన్నారు. కింది కోర్టు ధిక్కారాన్ని శిక్షించే అధికారం 1971 నాటి కోర్టు ధిక్కార చట్టం 10వ సెక్షన్ కింద హైకోర్టుకు ఉన్న మాట నిజమే. ఆరు నెలల వరకు సాధారణ జైలు, రెండు వేల రూపాయల వరకు జరిమానా అన్న 12వ సెక్షన్ మాటలు వాళ్ల చెవిన పడ్డాయి. ఇంజంక్షన్ ఉల్లంఘనకు సివిల్ ప్రొసీజర్ కోడ్‌లోనే ఆర్డర్ 39 రూల్ 2ఎ ఉంది. అలాంటప్పుడు ఉత్తర్వు ఇచ్చిన కోర్టుకే వెళ్లమని హైకోర్టు సాధారణంగా చెబుతుంది. ఇది నాకు తెలుసు. తెలిసి కూడా, హైకోర్టు నోటీసు వస్తే మరిది దిగివస్తాడన్న ఆశకు లొంగాను. అడ్మిషన్ దశలోనే ప్రత్యామ్నాయ మార్గం ఉంది కదా అన్నారు. పిటిషన్ వెనక్కి తీసుకున్నాం. డబ్బు పోయిన సంగతి అలా ఉంచితే, నాలుగు నెలలు పోయాయి. ఆ నాలుగు నెలల్లో వానలు పడ్డాయి, దమ్ము చేశారు, నాట్లు వేశారు. మేలో వెంటనే అడ్వకేట్ కమిషనర్‌ను (కోర్టు తరఫున స్థలం చూసి నివేదిక ఇచ్చే న్యాయవాదిని) వేయించి ఉంటే గట్టు ఆనవాలు, మట్టి రంగులో తేడా, ట్రాక్‌ల గుర్తులు కాగితం మీదికి ఎక్కేవి. బురద దమ్ములో అవన్నీ కలిసిపోయాయి.

అధికారులు హైకోర్టు రిట్ ఉత్తర్వును కాలదన్నినప్పుడు సంగతి వేరు. అక్కడ నేరుగా ధిక్కార పిటిషనే సరైన దారి. గుంటూరు జిల్లాలో హైకోర్టు ఆదేశాలున్నా గుడిసెలు తొలగించిన ఒక అధికారిని 2025 మేలో సుప్రీంకోర్టు డిప్యూటీ కలెక్టరు హోదా నుంచి తహసీల్దారుగా దించి, లక్ష రూపాయల జరిమానా వేసింది. ఆ తీర్పు వార్త పట్టుకుని నా దగ్గరికి వచ్చినవాళ్లు ఉన్నారు. ఇద్దరు ప్రైవేటు మనుషుల మధ్య, జూనియర్ సివిల్ జడ్జి కోర్టు ఇచ్చిన ఇంజంక్షన్ విషయంలో ఆ దారి పట్టకూడదు.

సెప్టెంబరులో రూల్ 2ఎ కింద పిటిషన్ వేశాం. ఉత్తర్వును ఉల్లంఘించినవాడి ఆస్తి జప్తు చేయడానికి, మూడు నెలల వరకు సివిల్ జైల్లో పెట్టడానికి ఆ రూల్ వీలిస్తుంది. విచారణ ఏడాది పట్టింది. మరిది తరఫు న్యాయవాది గట్టు కొట్టారా లేదా అనే జోలికే పోలేదు. డాకెట్ షీటు (ప్రతి వాయిదాకు ఏం జరిగిందో కోర్టు రాసే పత్రం) సర్టిఫైడ్ కాపీ తీసి జడ్జిగారి ముందు పెట్టాడు. ఏప్రిల్ వాయిదా రోజున అందులో ఉన్నది ఒకే వాక్యం: న్యాయాధికారి సెలవు, జూన్ ఫలానా తేదీకి. మధ్యంతర ఉత్తర్వు పొడిగించినట్టు ఒక్క మాట లేదు. జూన్‌లో కోర్టు తెరిచాక పొడిగింపు రాశారు. గట్టు పోయింది మేలో.

ఉత్తర్వు ఉద్దేశం కొనసాగాలనే కదా అని వాదించాను. జడ్జిగారు ఓపికగా విన్నారు. ఇది శిక్ష వేసే అధికారం, ధిక్కారం ఉద్దేశపూర్వకమని సందేహం లేకుండా తేలాలి, సందేహం ఉంటే దాని ఫలం ఎదుటిపక్షానికే పోతుందని చెప్పి కొట్టేశారు. ఉత్తర్వు రెండో పేజీలో ఇంకో మాట ఉంది: చదును చేసిన స్థలం ఎవరి హద్దులోదో షెడ్యూలును బట్టి తేల్చడం సాధ్యం కాలేదు. మొదటి కారణం కంటే ఇది నన్ను ఎక్కువ బాధించింది. ఆ షెడ్యూలు నేను రాసినది.

దారి మార్చుకోవడం

అప్పీలు వేయవచ్చు. రూల్ 2ఎ ఉత్తర్వు మీద ఆర్డర్ 43 కింద అప్పీలు ఉంది. రెండు రాత్రులు ఆలోచించి వద్దనుకున్నాను. డాకెట్‌లో లేని మాటను పై కోర్టు కూడా చదవజాలదు. ఆమెకు కావలసింది పాత తప్పుకు శిక్ష పడటం కంటే ముందు, ఆ ముప్పై రెండు సెంట్లు చేతిలో ఉండటం. అందుకు పొలంలో నిలబడి చదివినా అర్థమయ్యే ఉత్తర్వు కావాలి. ఇకపై ఎవరైనా దాన్ని దాటితే, దాటారని చెప్పడానికి వాదన అక్కర్లేని ఉత్తర్వు.

మొదటి పని కమిషనర్. స్వాధీనం ఎవరిదో తేల్చడానికి కమిషనర్‌ను వేయరు, సాక్ష్యం పోగుచేయడానికి వాడుకుంటున్నారని పిటిషన్ కొట్టేస్తారు. అందుకే ఆర్డర్ 26 రూల్ 9 పిటిషన్‌లో స్వాధీనం ఊసే ఎత్తలేదు. నేల మీద ఉన్న భౌతిక లక్షణాలను, మండల సర్వేయరు సాయంతో, ఎఫ్‌ఎంబీ (సర్వే రికార్డుల్లోని పొలాల కొలతల పుస్తకం) కొలతల ఆధారంగా నమోదు చేయమని మాత్రమే అడిగాను. అనుమతించారు.

ఆ రోజు నేనూ పొలానికి వెళ్లాను. వరి కంకి పాలు పోసుకుంటోంది. గట్టు ఉండేదని చెప్పడానికి పైకి ఏ గుర్తూ లేదు. సర్వేయరు ఉత్తరం కొసన, మూడు సర్వే నంబర్లు కలిసేచోట రాయిని వెతికి పట్టుకున్నాడు. గొలుసు లాగుతూ వస్తుంటే అల్లుడు వరి దుబ్బుల మధ్య చెయ్యి పెట్టి బురద తోడాడు. చేతికి తాటి మొదలు తగిలింది. పైభాగం రంపంతో కోసినట్టు నున్నగా ఉంది, చుట్టూ సన్నని వేళ్లు గుత్తిలా ఉన్నాయి. అక్కడి నుంచి దక్షిణానికి నాలుగు మొదళ్లు, ఒకే వరసలో. ఆరోది జేసీబీ వేళ్లతో సహా పెకలించినట్టుంది, దొరకలేదు. కమిషనర్ ప్రతి మొదలుకూ రాయి నుంచి దూరం రాసుకున్నారు, ఫొటో తీయించారు, ఇరుపక్షాల చేత మహజరు మీద సంతకాలు తీసుకున్నారు. అయిదు మొదళ్లనూ కలిపి గీత గీస్తే (ప్లానులో ఎ-బి గీత అంటే ఇదే) అది అడంగల్ విస్తీర్ణానికి సెంటున్నర తేడాలో సరిపోయింది. వానలు గట్టును తీసుకుపోయినా తాటి మొదళ్లను తీసుకుపోలేకపోయాయి.

రెండో పని ఇంజంక్షన్ పిటిషన్‌ను పూర్తిగా వాదించి తేల్చుకోవడం. వాదనల రోజున జడ్జిగారు ఇరుపక్షాలూ యథాతథ స్థితి పాటించాలని రాస్తే సరిపోదా అని అడిగారు. ఎదుటి న్యాయవాది వెంటనే సరేనన్నాడు. నా పక్కనున్న జూనియర్ కూడా ఒప్పుకోమన్నట్టు చూశాడు. నేను ఒప్పుకోలేదు. గట్టు పోయాక యథాతథ స్థితి అంటే గట్టు లేని స్థితే. అతను చెరిపిన దానికి కోర్టు ముద్ర వేసినట్టవుతుంది. యథాతథ స్థితి అంటే ఏమిటో రాయకుండా అలాంటి ఉత్తర్వు ఇవ్వడం సరికాదని సుప్రీంకోర్టు 2006లో కిశోర్ కుమార్ ఖైతాన్ కేసులో చెప్పింది. దాన్ని చూపించాను. ప్లెయింటు సవరణకు కూడా అప్పటికే అనుమతి తెచ్చుకున్నాం: తూర్పు హద్దు "కమిషనర్ ప్లానులో ఎ-బి గీత", అదనంగా గట్టు తిరిగి వేయించాలన్న ఆజ్ఞాపక ఇంజంక్షన్.

నవంబరులో ఉత్తర్వు వచ్చింది. దావా తేలేవరకు, ఎ-బి గీతకు పడమర ప్రతివాది గానీ అతని మనుషులు గానీ జోక్యం చేసుకోరాదు. ప్లాను ఉత్తర్వులో భాగం. వాయిదాకు వాయిదాకు పొడిగించే అవసరం ఇక లేదు.

మూడో పని తెలియజేయడం. రిజిస్టర్డ్ పోస్టు రసీదు ఒకటి, ఎదుటి న్యాయవాది చేత కాపీ మీద "అందినది" సంతకం ఒకటి. వీటికి తోడు, అడ్వాన్సు ఇచ్చిన వ్యాపారికి ఉత్తర్వు, ప్లాను జతచేసి లాయరు నోటీసు పంపాను. అతను దావాలో పార్టీ కాదు. ఉత్తర్వు తెలిసి కూడా ఉల్లంఘనకు తోడ్పడితే తప్పించుకోలేడని, దావా నడుస్తుండగా కొంటే ఆస్తి బదిలీ చట్టం 52వ సెక్షన్ ప్రకారం తీర్పుకు కట్టుబడాలని అందులో రాశాను. డబ్బు పెట్టేవాడికి ఈ సంగతి తెలియడం ముఖ్యమనుకున్నాను. తర్వాత అదే పనికొచ్చింది.

కక్షిదారుకు చెప్పింది ఒక్కటే. కోత అయిపోగానే మడి ఖాళీగా ఉంచవద్దు, గీత దాకా మినుము చల్లండి. ఆమె చల్లింది.

రెండోసారి

సంక్రాంతి సెలవుల్లో, కనుమ మర్నాడు, ఆ మినుము చేలోనే సిమెంటు స్తంభాలు పాతి ముళ్లతీగ లాగారు. గీతకు పడమర, పదకొండు స్తంభాలు. ఈసారి ఆమె కేకలు వేయలేదు, ఎవరితోనూ గొడవ పడలేదు. అల్లుడు ఫోనుతో వీడియో తీశాడు. ప్రతి స్తంభం దగ్గరా నిలబడి, తాటి మొదలు దాకా టేపు పట్టి చూపించాడు. మొదటి పిటిషన్‌లో మా ఫొటోలను 65బి సర్టిఫికెట్ (ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి పాత సాక్ష్య చట్టం అడిగే ధ్రువపత్రం) లేదని పక్కన పెట్టారు. ఇప్పుడు భారతీయ సాక్ష్య అధినియమంలో అది 63వ సెక్షన్. ఫోను ఎవరిది, ఎవరు తీశారు, ఎప్పుడు తీశారు అన్న వివరాలతో సర్టిఫికెట్ ఆ వారంలోనే తయారు చేయించాను.

కోర్టు తెరిచిన రోజే మూడు పిటిషన్లు వేశాం. రూల్ 2ఎ కింద ఒకటి. స్తంభాలు తీయించి మునుపటి స్థితికి తేవాలని సివిల్ ప్రొసీజర్ కోడ్ 151వ సెక్షన్ కింద ఒకటి. అదే కమిషనర్ మళ్లీ వెళ్లి చూడాలని ఒకటి. కమిషనర్ వారంలో వెళ్లి, పదకొండు స్తంభాలకూ గీత నుంచి దూరం కొలిచి ఇచ్చారు. ఒక్కో స్తంభం చుట్టూ తొక్కుడు పడిన మినుము మొక్కల ఫొటోలు ఆ నివేదికలో ఉన్నాయి.

మరిది కౌంటరులో తనకు ఉత్తర్వు సంగతి తెలియదన్నాడు. తన న్యాయవాది చెప్పలేదన్నాడు. క్రాస్ ఎగ్జామినేషన్‌లో నేను గట్టిగా అడిగింది లేదు. నవంబరు ఉత్తర్వు వచ్చిన రెండో రోజున అతని తరఫున పడిన కాపీ అప్లికేషన్ వివరాలు కోర్టు రికార్డు నుంచి తెప్పించి పెట్టాను. ఆ కాపీ జతచేసి డిసెంబరులో అతనే జిల్లా కోర్టులో అప్పీలు వేశాడు. అప్పీలు మెమోలో మన ఉత్తర్వునంతా తన మాటల్లో చెప్పి, అది తప్పని వాదించాడు. తెలియని ఉత్తర్వు మీద అప్పీలు ఎలా వేశారని జడ్జిగారే అడిగారు. అప్పుడు మాట మార్చి, అప్పీలు వేశాను కాబట్టి ఉత్తర్వు ఆగిందనుకున్నానన్నాడు. అప్పీలు వేసినంత మాత్రాన స్టే వచ్చినట్టు కాదు, ఆ మాట ఆర్డర్ 41 రూల్ 5లోనే ఉంది. ఉత్తర్వు తప్పని నమ్మినా, అది రద్దయ్యేవరకు పాటించాల్సిందేనని 1997 నాటి తయ్యబ్‌భాయ్ కేసు నుంచి సుప్రీంకోర్టు చెబుతూనే ఉంది.

జైలు అడగాలా, జప్తు అడగాలా

బంధువులందరూ జైలనే అన్నారు. సమీ ఖాన్ కేసు (1998) ప్రకారం జప్తు, జైలు రెండింటిలో ఏదైనా అడగవచ్చు, రెండూ అడగవచ్చు. నేను ఆలోచించింది ఇది. మరిది పది రోజులు జైల్లో ఉండి వస్తే ఊళ్లో బాధితుడైపోతాడు, స్తంభాలు అక్కడే ఉంటాయి. అతని ప్రాణమంతా బేరం మీద ఉంది. వ్యాపారికి అమ్మబోయే భూమినే జప్తు చేయమని అడిగాను. జైలును కూడా అడిగాను, కానీ వాదనలో దాన్ని చివర ఉంచాను.

కోర్టు ఉద్దేశపూర్వక ఉల్లంఘన జరిగిందని తేల్చింది. అతని తూర్పు భూమిని జప్తు చేసింది. పదిహేను రోజుల్లో స్తంభాలు తీయకపోతే పోలీసు సాయంతో కోర్టు అమీనా తీయించాలని, ఖర్చు అతనే భరించాలని చెప్పింది. జైలు విషయం ఆ తేదీ తర్వాత వింటానని వాయిదా వేసింది. జప్తు సంగతి తెలిసిన మూడో రోజున వ్యాపారి అడ్వాన్సు వెనక్కి అడిగాడు. ఎనిమిదో రోజున స్తంభాలు లేచాయి.

తర్వాత క్షమాపణ అఫిడవిట్ వచ్చింది. "తప్పు జరిగి ఉన్నచో మన్నించగలరు" అని ఉంది. ఆమె ఒప్పుకుందామంది, మరిది కదా, పిల్లల పెళ్లిళ్లు ఉన్నాయి కదా అంది. ఒప్పుకోవడానికి నాకూ అభ్యంతరం లేదు, కానీ మాట నేల మీద కనపడాలన్నాను. గట్టును ఎ-బి గీత మీద తన ఖర్చుతో వేయిస్తానని, దావా తేలేవరకు దాటనని కోర్టుకు హామీ పత్రం ఇవ్వాలని పట్టుబట్టాం. కోర్టుకు ఇచ్చిన హామీని తప్పడం కూడా 1971 చట్టం 2(బి) ప్రకారం సివిల్ ధిక్కారమే. మే నెలలో పోయిన గట్టుకు మొదటి పిటిషన్‌లో దొరకని ఉపశమనం ఈ హామీ ద్వారా దొరికింది. అతను ఇచ్చాడు. సర్వేయరు సమక్షంలో గట్టు వేశారు. జైలు అడగడం మానుకున్నాం. తాటిచెట్ల ఖరీదును మాత్రం ఆ అఫిడవిట్‌లో కలపనివ్వలేదు. అది దావాలో తేలాలి.

ఆఫీసులో మారినవి

ఇప్పుడు హద్దు తగాదా దావా ఏది వేసినా, గట్టు పేరు చెప్పి ఊరుకోము. కదలని రాయి నుంచి కొలత ఉన్న స్కెచ్ షెడ్యూలుకు జత చేస్తాం. జడ్జిగారు సెలవులో ఉన్న రోజున జూనియర్ తప్పనిసరిగా కోర్టులో ఉంటాడు, ఇన్‌చార్జి కోర్టు ముందు మెమో వేసి పొడిగింపు రాయించుకుని వస్తాడు. వేసవి, దసరా, సంక్రాంతి సెలవులకు ముందు వారంలో అమల్లో ఉన్న ప్రతి మధ్యంతర ఉత్తర్వు గడువునూ ఒక రిజిస్టరులో సరిచూస్తాం. భూమిని కాజేయాలనుకునేవాళ్లు మన సెలవుల క్యాలెండరును మనకంటే బాగా చదువుతారు.

రూల్ 2ఎ పిటిషన్‌ను దావా తేలకముందే వేసి, విచారణకు తెచ్చుకోవాలన్న తొందర కూడా ఈ కేసుతోనే వచ్చింది. డిక్రీ వచ్చాక మధ్యంతర ఉత్తర్వు అందులో కలిసిపోతుంది. ఆ తర్వాత రూల్ 2ఎ పిటిషన్ వేస్తే నిలవదని 2012లో కన్వర్ సింగ్ సైనీ కేసులో తేల్చారు. డిక్రీని దాటితే ఆర్డర్ 21 రూల్ 32 కింద అమలు పిటిషన్ వేసుకోవాలి.

దావా ఇంకా సాక్ష్యాల దశలో ఉంది. పోయిన వాయిదాకు ఆమె వచ్చినప్పుడు చేతిలో సంచి ఉంది. కొత్త గట్టు మీద పాతడానికి తాటి టెంకలు తెచ్చింది. పాతవచ్చా, కోర్టు ఏమన్నా అంటుందా అని అడిగింది. ప్లాను తీసి గీత చూపించాను. గీతకు ఇటువైపు, అడుగు లోపలికి పాతమన్నాను.